మూగబోయిన కంప్యూటరును మాట్లాడించడం ఎలా?



రేడియో గానీ, టీవీ గానీ, కంప్యూటరు గానీ పనిచేయడం మానేస్తే మనలో చాలామంది చేసే మొదటి పని దాన్ని చేత్తో ఒకటి తట్టి చూడడం. రెండో పని, తెలిసినవాళ్ళ దగ్గరకు మోసుకెళ్ళడం. ఆ తెలిసినవాళ్ళు ఏం చేస్తారు? కొందరు ఒక్కో భాగాన్నీ మార్చుకుంటూ పోతారు. ఏదో ఒక భాగం దగ్గర యంత్రం మళ్ళీ నడుస్తుంది. అప్పటికి అవసరం లేని మూడు నాలుగు భాగాలు మారిపోయి ఉంటాయి. ఇంకొందరు ముందుగా యంత్రాన్నే అడుగుతారు: "నీకు ఎక్కడ నొప్పి?" అని. ఈ రెండో పద్ధతి గురించే ఈ వ్యాసం. దీన్ని అర్థం చేసుకోవడానికి 1980ల నాటి హోమ్ కంప్యూటర్లను మించిన పాఠ్యపుస్తకం లేదని మా అభిప్రాయం. వాటిలో ఏ చిప్ ఏ పని చేస్తుందో బోర్డు మీద వేలు పెట్టి చూపించవచ్చు.

హోమ్ కంప్యూటరు అంటే ఏమిటి?

ఇంట్లో మామూలు టీవీకి తగిలించుకుని వాడుకునేలా తయారైన చిన్న కంప్యూటరునే హోమ్ కంప్యూటరు అనేవారు. కీబోర్డు ఉన్న పెట్టెలోనే కంప్యూటరంతా ఉంటుంది. ప్రోగ్రాములను టేపు రికార్డరు క్యాసెట్ల మీద దాచుకునేవారు. ఇంగ్లండులో 1981 చివర బీబీసీ మైక్రో, 1982లో సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ వచ్చాయి. అమెరికాలో 1982లోనే కమొడోర్ 64 వచ్చింది. మన దేశానికి కూడా ఈ తరం యంత్రాలతో సంబంధం ఉంది. 1984లో మొదలైన 'క్లాస్' అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు ఇచ్చింది బీబీసీ మైక్రోలనే.

ఈ వ్యాసంలో ముఖ్య ఉదాహరణగా కమొడోర్ 64ను తీసుకుంటున్నాం. ఆ కంపెనీ 1994లో దివాళా తీసే వరకు ఈ యంత్రం తయారవుతూనే ఉంది. కోటికి పైగా అమ్ముడైంది. ఇప్పటికీ ఎన్నో దేశాలలో అభిమానులు వీటిని బాగుచేసుకుని వాడుతున్నారు. అయితే ఒక చిక్కు ఉంది. ఇందులోని బొమ్మ చిప్, ధ్వని చిప్ వంటివి ఆ కంపెనీ సొంతంగా చేయించుకున్నవి. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కాబట్టి మంచి చిప్‌ను అనుమానించి, వేడిచేసి ఊడబెరికి పాడుచేస్తే ప్రపంచంలో ఉన్నవాటిలో ఒకటి తగ్గినట్టే. అంచనా తప్పితే పోయేది డబ్బు మాత్రమే కాదు.

నల్ల తెర - ఏడుగురు అనుమానితులు

కమొడోర్ 64లో ఎక్కువగా కనిపించే జబ్బు నల్ల తెర. స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలుగుతుంది గానీ టీవీ మీద ఏమీ రాదు. దీనికి కారణం కాగలిగినవి ఎన్నో చూడండి:

1. పవర్ సప్లై
2. ప్రాసెసరు (6510 అనే చిప్)
3. మెమరీ చిప్‌లు (4164 రకం, మొత్తం ఎనిమిది)
4. యంత్రం లేవగానే నడవాల్సిన ప్రోగ్రాము ఉన్న రామ్ కాని చిప్, అంటే రోమ్
5. తెర మీద బొమ్మ వేసే విక్ చిప్
6. ఏ సమయంలో ఏ చిప్ మాట్లాడాలో నిర్ణయించే పీఎల్ఏ అనే చిప్
7. బయటి పరికరాలతో మాట్లాడే సీఐఏ చిప్‌లు రెండు

ఏడింటిలో ఏది చెడినా పైకి కనిపించే లక్షణం ఒక్కటే, నల్ల తెర. జ్వరం వచ్చిందంటే అది మలేరియానా, టైఫాయిడా అని ముఖం చూసి చెప్పలేం కదా! రక్తపరీక్ష కావాలి. కంప్యూటరుకు ఆ రక్తపరీక్ష చేసేదే పరీక్షా కార్ట్రిడ్జి.

మొదటి సూత్రం: మొదటి ఆదేశాన్ని మనం చేతికి తీసుకోవాలి

ఏ కంప్యూటరైనా స్విచ్ వేయగానే ప్రాసెసరు ఒక నిర్ణీత చోటుకు వెళ్ళి "నేను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?" అని చూస్తుంది. 6510 ప్రాసెసరు 65532, 65533 అనే రెండు చిరునామాలలో చూస్తుంది. మామూలుగా అక్కడ ఉండేది యంత్రం లోపలి రోమ్. ఆ రోమ్ చెడిపోతే ప్రాసెసరుకు తప్పు సమాధానం దొరుకుతుంది, దారి తప్పుతుంది.

కమొడోర్ 64 వెనుక ఆటల కార్ట్రిడ్జిలు పెట్టుకునే గాడి ఒకటి ఉంది. అందులో 'గేమ్', 'ఎక్స్‌రోమ్' అనే రెండు తీగలున్నాయి. గేమ్ తీగను సున్నా వోల్టులకు దించి, ఎక్స్‌రోమ్ తీగను పైనే ఉంచితే పీఎల్ఏ చిప్ లోపలి రోమ్‌లను పక్కకు తప్పించి, ఆ చివరి చిరునామాలలో కార్ట్రిడ్జిని నిలబెడుతుంది. దీన్నే అల్టిమాక్స్ స్థితి అంటారు. ఇక ప్రాసెసరు లేవగానే అడిగే మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేది మన కార్ట్రిడ్జే. లోపలి రోమ్ బాగున్నా, బాగోకపోయినా పరీక్ష మొదలవుతుంది. కమొడోర్ సర్వీసు కేంద్రాల కోసం చేసిన 781220 నంబరు 'డెడ్ టెస్ట్' కార్ట్రిడ్జి ఇలా పనిచేస్తుంది. చనిపోయినట్టున్న యంత్రానికి చేసే పరీక్ష కనుక ఆ పేరు.

స్పెక్ట్రమ్‌లో కూడా ఇదే ఉపాయం. అందులోని జెడ్80 ప్రాసెసరు సున్నా చిరునామా నుంచి మొదలుపెడుతుంది. వెనుక ఉన్న కనెక్టరులో 'రోమ్‌సీఎస్' అనే తీగను పైకి లాగి ఉంచితే లోపలి రోమ్ నోరు మూసుకుంటుంది. బయట తగిలించిన పరీక్షా కార్డు దాని స్థానంలో మాట్లాడుతుంది.

రెండో సూత్రం: పరీక్షించని దాన్ని నమ్మకూడదు

ఇప్పుడు మెమరీని పరీక్షించాలి. కానీ ఏ ప్రోగ్రామైనా నడవడానికి మెమరీ కావాలి. లెక్క మధ్యలో అంకెలు దాచుకోవడానికి, ఒక పని ముగించి తిరిగి ఎక్కడికి రావాలో గుర్తుంచుకోవడానికి మెమరీయే ఆధారం. మెమరీయే చెడిపోతే ఆ ప్రోగ్రాము ఎలా నడుస్తుంది?

ఇక్కడే డెడ్ టెస్ట్ రాసిన వారి తెలివి కనిపిస్తుంది. ప్రాసెసరు లోపల ఏ, ఎక్స్, వై అని మూడు చిన్న గదులు ఉంటాయి. ఒక్కోదానిలో 0 నుంచి 255 లోపు ఒక్క అంకె పడుతుంది. మెమరీ పరీక్ష పూర్తయ్యే వరకు ప్రోగ్రాము ఆ గదులతోనే సరిపెట్టుకుంటుంది. "అక్కడికి వెళ్ళి పని చేసి తిరిగి రా" అనే ఆదేశాన్ని వాడదు. ఎందుకంటే తిరిగి రావాల్సిన చిరునామాను ప్రాసెసరు మెమరీలోనే రాసుకుంటుంది. అందువల్ల ప్రోగ్రామంతా తిన్నగా ముందుకే నడుస్తుంది. జెడ్80లో ఇలాంటి గదులు ఎక్కువ కాబట్టి స్పెక్ట్రమ్ పరీక్ష రాసేవారికి కాస్త వెసులుబాటు ఉంటుంది.

ముందు అతి తక్కువ భాగాలతో మొదలుపెట్టాలి. వాటితో తర్వాతి భాగాన్ని పరీక్షించాలి. అది మంచిదని తేలాకే దాన్ని వాడుకుని ఆ పై భాగానికి వెళ్ళాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి.

మెమరీని ఎలా పరీక్షిస్తారు?

మన హాస్టల్లో ట్రంకు పెట్టెలు వరుసగా ఉన్నాయనుకుందాం. ప్రతి పెట్టెకూ ఒక నంబరు. మెమరీ కూడా అంతే. కమొడోర్ 64లో 65,536 పెట్టెలు ఉన్నాయి. ఒక్కో పెట్టెలో ఎనిమిది బిట్లు, అంటే ఎనిమిది సున్నాలు లేదా ఒకట్లు పడతాయి. ఇందులో మూడు రకాల జబ్బులు వస్తాయి.

మొదటిది, పెట్టెలో ఏది పెట్టినా ఒకటే కనిపించడం. దీన్ని పట్టుకోవడానికి 00000000, 11111111, 01010101, 10101010 వంటి వరుసలు రాసి తిరిగి చదువుతారు.

రెండోది, ఒక పెట్టెలో పెడితే పక్క పెట్టె మారిపోవడం. ఇందుకు 01010101 వంటి వరుసలు కొంత ఉపయోగపడినా అవి చాలవు. ముందు పెట్టెలన్నిటిలో సున్నా రాస్తారు. తర్వాత కింది నుంచి పైకి వెళుతూ ఒక్కో పెట్టెలో సున్నా ఉందో లేదో చూసి ఒకటి రాస్తారు. మళ్ళీ అలాగే ఒకటి చూసి సున్నా రాస్తారు. ఇదే పని పై నుంచి కిందికి కూడా చేసి, చివర అన్నిటిలో సున్నా ఉందో లేదో చూస్తారు. పక్కవాడు చెడగొట్టి ఉంటే మన వంతు వచ్చేసరికి తప్పు బయటపడుతుంది. ఇంజనీరింగు పుస్తకాలలో దీన్ని మార్చ్ పరీక్ష అంటారు. సైనికుల కవాతులాగా వరుసగా నడవడమే ఆ పేరుకు కారణం. పైన చెప్పిన పద్ధతిలో ఒక్కో పెట్టె దగ్గర మొత్తం 10 పనులు జరుగుతాయి. కావాలంటే కాగితం మీద లెక్కపెట్టి చూడండి.

మూడోది, రెండు నంబర్లు పిలిచినా ఒకే పెట్టె తెరుచుకోవడం. చిరునామా తీగ ఒకటి తెగితే ఇలా జరుగుతుంది. ఒక్కో పెట్టెలో దాని సొంత నంబరే రాసి, అన్నీ రాశాక తిరిగి చదివితే ఇది దొరుకుతుంది. 5వ పెట్టె తెరిస్తే 7వ నంబరు చీటీ కనిపించిందంటే దొంగ దొరికినట్టే.

తెర లేనప్పుడు యంత్రం ఎలా చెబుతుంది?

పరీక్ష చేసినా ఫలితం చెప్పడానికి నోరు కావాలి కదా! తెర మీద అక్షరాలు రాయాలంటే మెమరీ కావాలి. కానీ తెర రంగు మార్చడానికి విక్ చిప్‌కు ఒక్క అంకె పంపితే చాలు. అందుకే డెడ్ టెస్ట్ మెమరీ చెడితే అక్షరాలు రాయదు. తెరను మెరిపిస్తుంది. ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి ఏ చిప్ చెడిందో తెలుసుకోవాలి. ఎనిమిది మెమరీ చిప్‌లున్న బోర్డులో ఒక్కో చిప్ ఒక్కో బిట్‌ను దాచుతుంది. కాబట్టి లెక్క ఇలా ఉంటుంది:

1 మెరుపు - యు12 (7వ బిట్)
2 మెరుపులు - యు24 (6వ బిట్)
3 మెరుపులు - యు11 (5వ బిట్)
4 మెరుపులు - యు23 (4వ బిట్)
5 మెరుపులు - యు10 (3వ బిట్)
6 మెరుపులు - యు22 (2వ బిట్)
7 మెరుపులు - యు9 (1వ బిట్)
8 మెరుపులు - యు21 (0వ బిట్)

ఉదాహరణకు 00000000 రాస్తే 00000100 అని తిరిగి వచ్చిందనుకోండి. కుడి నుంచి సున్నాతో మొదలుపెట్టి లెక్కిస్తే తేడా 2వ బిట్‌లో ఉంది. తెర 6 సార్లు మెరుస్తుంది. అనుమానితుడు యు22. తర్వాత వచ్చిన కొన్ని బోర్డులలో ఎనిమిదికి బదులు రెండే మెమరీ చిప్‌లు ఉన్నాయి. అక్కడ ఒక్కో చిప్ నాలుగు బిట్లు దాచుతుంది కనుక పట్టికలోని చిప్ నంబర్లు పనికిరావు, బిట్ నంబర్లే చూసుకోవాలి.

మనకు దగ్గరి ఉదాహరణ మామూలు పీసీ. స్విచ్ వేయగానే అది తనను తాను పరీక్షించుకుంటుంది. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ నుంచి ఒక అలవాటు ఉంది. ప్రతి పరీక్షకు ముందు దాని సంకేతాన్ని 80 నంబరు పోర్టుకు పంపడం (ఇది పదహారు ఆధారపు లెక్క, మామూలు లెక్కలో 128). సర్వీసు షాపుల్లో కనిపించే డిబగ్ కార్డు ఆ పోర్టును వింటూ రెండు అంకెలు చూపిస్తుంది. అంకె ఎక్కడ ఆగిపోయిందో యంత్రం అక్కడ ఆగిపోయిందన్నమాట.

మూడో సూత్రం: ఈ చివర పోసి ఆ చివర పట్టుకోవడం

యంత్రం లేచి తెర మీద అక్షరాలు వస్తున్నాయి గానీ కీబోర్డో, జాయ్‌స్టిక్కో, టేపు రికార్డరో పనిచేయడం లేదనుకోండి. అప్పుడు 586220 నంబరు డయాగ్నస్టిక్ కార్ట్రిడ్జి వాడతారు. దీనితో పాటు తీగలతో అల్లిన ప్లగ్గుల కట్ట ఒకటి ఉంటుంది. దాన్ని హార్నెస్ అంటారు. యూజర్ పోర్టు, క్యాసెట్ పోర్టు, సీరియల్ పోర్టు, రెండు జాయ్‌స్టిక్ పోర్టులు, కీబోర్డు కనెక్టరు, అన్నిటికీ ఒక్కో ప్లగ్గు.

ఆ ప్లగ్గుల్లో పెద్ద రహస్యమేమీ లేదు. బయటకు వెళ్ళే తీగను లోపలికి వచ్చే తీగతో కలుపుతాయి, అంతే. యూజర్ పోర్టులోని ఎనిమిది తీగలలో మొదటి నాలుగింటిని తర్వాతి నాలుగింటితో జతచేస్తారు. ప్రోగ్రాము ఒక వైపు నుంచి 1 పంపి రెండో వైపు 1 వచ్చిందా అని చూస్తుంది. తర్వాత 0 పంపి చూస్తుంది. పొలానికి వేసిన పైపు ఈ చివర నీళ్ళు పోసి ఆ చివర వచ్చాయా లేదా అని చూసినట్టే. వస్తే 'ఓకే', రాకపోతే 'బ్యాడ్' అని తెర మీద వస్తుంది, అనుమానించాల్సిన చిప్ నంబరు కూడా కనిపిస్తుంది. కీబోర్డు, జాయ్‌స్టిక్‌ల బాధ్యత యు1 అనే సీఐఏ చిప్‌ది. సీరియల్, యూజర్ పోర్టుల బాధ్యత యు2 చిప్‌ది. రోమ్‌లలోని అంకెలన్నిటినీ లెక్కగట్టి, రావాల్సిన మొత్తం వచ్చిందో లేదో కూడా ఈ కార్ట్రిడ్జి చూస్తుంది.

పరీక్ష కూడా పొరబడుతుంది

ఇది చాలా ముఖ్యం. పరీక్ష చెప్పిందే వేదం అనుకోకూడదు.

మొదటిది: డెడ్ టెస్ట్ నడిచే అల్టిమాక్స్ స్థితిలో ప్రాసెసరుకు మొదటి 4,096 మెమరీ పెట్టెలే కనిపిస్తాయి. మిగిలిన అరవై వేల పైచిలుకు పెట్టెల సంగతి దానికి తెలియదు. అది ఓకే అన్నా రెండో కార్ట్రిడ్జితో పూర్తి మెమరీ పరీక్ష చేయాలి. ఆ రెండో కార్ట్రిడ్జి మాత్రం లోపలి రోమ్ కాస్తయినా పనిచేస్తేనే లేస్తుంది. అందుకే రెండూ అవసరమయ్యాయి.

రెండోది: మెమరీ, రోమ్, విక్, సీఐఏ చిప్‌లన్నీ ఒకే డేటా తీగలను పంచుకుంటాయి. వేరే చిప్ చెడి ఒక తీగను కిందికి లాగిపట్టినా నేరం మెమరీ చిప్ మీదే పడుతుంది. అలాగే మెమరీకి చిరునామాలు అందించే యు13, యు25 చిప్‌లు చెడినా మెమరీయే చెడినట్టు కనిపిస్తుంది.

మూడోది: హార్నెస్ తగిలించకుండా 586220ను నడిపితే మంచి యంత్రం పోర్టులను కూడా బ్యాడ్ అంటుంది. హార్నెస్‌లో ఒక తీగ తెగినా అంతే.

నాలుగోది: ధ్వని చిప్ పరీక్షలో శబ్దాలు మోగుతాయి, అవి సరిగ్గా ఉన్నాయో లేదో మన చెవులే తేల్చాలి.

చివరిగా, డెడ్ టెస్ట్ పెట్టినా తెర నల్లగానే ఉంటే పరీక్ష విఫలమైనట్టు కాదు. రోమ్‌ల మీద అనుమానం తగ్గింది. పవర్, గడియారపు సంకేతం, ప్రాసెసరు, పీఎల్ఏ, విక్, వీటి మీదికి దృష్టి మళ్ళింది. జవాబు రాకపోవడం కూడా ఒక జవాబే.

పని చేసే క్రమం

1. అన్నిటికన్నా ముందు మల్టీమీటరుతో పవర్ సప్లై చూడాలి. 5 వోల్టుల తీగలో 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. కమొడోర్ 64 పాత పవర్ సప్లైలు చెడేటప్పుడు ఈ వోల్టేజి పెరిగి మెమరీ చిప్‌లను కాల్చేయడం అందరికీ తెలిసిన జబ్బు. దాన్ని చూసుకోకుండా కొత్త చిప్ వేస్తే అది కూడా కాలుతుంది.
2. స్విచ్ ఆపిన తర్వాతే కార్ట్రిడ్జి పెట్టాలి, తీయాలి.
3. ముందు డెడ్ టెస్ట్, తర్వాత హార్నెస్‌తో 586220.
4. ఫలితాన్ని నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఒకే తప్పు రెండుసార్లు వస్తేనే నమ్మాలి.
5. సాకెట్లో ఉన్న చిప్‌లను ముందు మార్చి చూడాలి. సోల్డరు చేసినవాటి జోలికి చివరనే వెళ్ళాలి. అనుమానం ఉన్న మెమరీ చిప్ మీద మంచి చిప్‌ను కాళ్ళకు కాళ్ళు ఆనేలా పెట్టి చూడడం కూడా ఒక పద్ధతి. అన్నిసార్లూ పనిచేయదు గానీ, పనిచేసినప్పుడు ఊడబెరికే ముందే సంగతి తెలుస్తుంది.
6. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. వెంటనే మళ్ళీ పరీక్షించాలి.

ముగింపు

కమొడోర్ 64 మనకెందుకు అని అడగవచ్చు. సర్వీసు పని నేర్చుకున్న రోజుల్లో మేము కూడా ఊహతో భాగాలు మార్చి తిట్లు తిన్నవాళ్ళమే. కొత్త మెమరీ, కొత్త బోర్డు అంటూ తిరిగాక, చివరికి పవర్ సప్లైలో వోల్టేజి పడిపోతోందని తేలిన రోజు మాకు బాగా గుర్తుంది. అయిదు నిమిషాలు మల్టీమీటరు పట్టుకుంటే తప్పేది. పరీక్ష చేయడం రానివాడికి ప్రతి చిప్ మీదా అనుమానమే. పరీక్ష చేయడం వచ్చినవాడు మొదట తన చేతిలో గట్టిగా ఉన్నదేదో చూసుకుంటాడు.

చదువులో కూడా ఇదే జరుగుతుంది. పదో తరగతి లెక్క రానప్పుడు "నాకు లెక్కలు రావు" అని మొత్తం బోర్డునే పక్కన పడేస్తాం. నిజానికి చెడింది ఒక్క బిట్ కావచ్చు. ఆరో తరగతిలో సరిగా అర్థం కాని భిన్నాలు కావచ్చు. అక్కడిదాకా వెనక్కి వెళ్ళి, వచ్చినదాన్ని ఆధారంగా పెట్టుకుని రానిదాన్ని ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ పైకి రండి. రానిచోటు ఏదో చెప్పడానికి సిగ్గుపడకండి. తెర లేని యంత్రమే మెరిసి మెరిసి తన తప్పు చెప్పుకుంటోంది. మనకు నోరుంది కదా! మాలాంటి పాత విద్యార్థులు ఎవరు హాస్టల్‌కు వచ్చినా ఆపి అడగండి.